కత్తెర పోయిన కేసులో పదకొండు వేల వెంట్రుకలు

లోకంలో నేరం జరిగిన చోటంత భద్రమైన చోటు మరొకటి లేదు. నేరం జరగక ముందు దానికి ఉండేది ఒక్క తాళం, అదీ దొంగ మాట వినే తాళం. నేరం జరిగాక పసుపు టేపు వస్తుంది, లక్క సీలు వస్తుంది, కాపలా మనిషి వస్తాడు, అతను కూర్చోవడానికి కుర్చీ వస్తుంది, ఆ కుర్చీకి ఒక నంబరు వస్తుంది. ఇందులో సగం ఏర్పాట్లు ముందే చేసి ఉంటే నేరమే జరిగేది కాదు కదా అని కొందరు అడుగుతుంటారు. అలా అడిగేవాళ్లకు శాఖాపరమైన క్రమం తెలియదు. (భద్రపరచడానికి ముందు ఏదో ఒకటి పోవాలి.)

సెలూన్ బాబాయ్‌కి కూడా ఈ క్రమం తెలియదు. బజారు మలుపులో రెండు కుర్చీలు, ఎదురెదురుగా రెండు నిలువుటద్దాలు, ఒక పౌడరు డబ్బా, వెనకవైపు చిన్న కిటికీ ఉన్న సెలూన్‌ను ఆయన ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నాడు. వీధిలో అందరికీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. ఆయన కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. గొంతు దగ్గర కత్తి పట్టుకునే మనిషితో ఏదో ఒక చుట్టరికం ఉండడం మంచిదని అందరి అభిప్రాయం.

బాబాయ్ ప్రాణమంతా ఒక కత్తెరలో ఉంది. అది తండ్రి చేతి నుంచి వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆడించగా ఆడించగా ఆయన బొటనవేలు ఆ కత్తెర కన్నానికి తగ్గట్టు కాయ కాచి, ఒక పక్కకు వంగిపోయింది. వేరే కత్తెర పట్టుకుంటే ఆ వేలు మొరాయిస్తుంది. ఒకసారి పిన్ని ముచ్చటపడి కొత్త కత్తెర కొనిపెడితే, దానితో ఆయన కత్తిరించిన మొదటి తల పోస్ట్‌మాస్టర్‌ది. పోస్ట్‌మాస్టర్ నెల రోజులు టోపీ పెట్టుకుని స్టాంపులు అమ్మాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి బాబాయ్ సెలూన్ తలుపు తీశాడు. తలుపు తీయగానే ఊడవడం ఆయన అలవాటు. ఈ మూల నుంచి ఆ మూలకు శుభ్రంగా ఊడ్చి, వెంట్రుకలన్నీ గోనెసంచిలోకి ఎత్తి, చేతులు దులుపుకుని, మేకుకు తగిలించిన కత్తెర కోసం చెయ్యి చాచాడు. మేకు ఉంది, కత్తెర లేదు. వెనక కిటికీ గడియ ఊడి వేలాడుతోంది. బాబాయ్ ఉన్నపళంగా స్టేషన్‌కు పరిగెత్తాడు. ఆయన ఆ రోజు చేసిన తప్పులు రెండని పిన్ని తరువాత తేల్చింది. ఊడవడం ఒకటి, ఊడ్చానని వెళ్లి చెప్పడం రెండోది.

స్టేషన్‌లో నేరస్థల పరిరక్షణ విభాగానికి అధిపతి ఒకాయన ఉన్నాడు. ఊరంతా ఆయన్ను సీలు సార్ అంటుంది. తన టిఫిన్ డబ్బాకు కూడా సీలు వేసుకుని వచ్చి, ఇద్దరు సాక్షుల సమక్షంలో విప్పుకుని తింటాడని ప్రతీతి.

"ఏం పోయింది బాబాయ్?" అన్నాడు సీలు సార్. ఆయన కూడా బాబాయ్ దగ్గరే జుట్టు కత్తిరించుకుంటాడు.

"కత్తెర పోయింది సార్. నాన్నగారిది."

"షాపులో ఎవరైనా ఏదైనా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదు సార్. నేనే ఒక్కసారి ఊడ్చాను."

సీలు సార్ కలం ఆగింది. పక్క గదిలో టైపు కొడుతున్న చప్పుడు కూడా ఆగింది.

"ఊడ్చారా?"

"రోజూ ఊడుస్తాను సార్. ముప్ఫై ఏళ్ల నుంచీ అలవాటు."

"అంటే నేరం జరగడానికి ముప్ఫై ఏళ్ల ముందు నుంచే సాక్ష్యం చెరిపే అలవాటు ఉందన్నమాట," అని సీలు సార్ జాలిగా రాసుకున్నాడు. "మీరు నిజం చెప్పడం మంచిదైంది. లేకపోతే కేసు మీ మీదకు వచ్చేది. ఇప్పుడు అనుమానం మాత్రమే వస్తుంది."

అర్ధగంటలో విభాగం దిగింది. తెల్లని తొడుగులు, కాళ్లకు సంచులు, ముక్కుకు గుడ్డలు కట్టుకుని అయిదుగురు సెలూన్‌లోకి వెళ్లారు. వాళ్ల వెనక లేబుళ్ల మేడమ్ వచ్చింది. ఆవిడ చేతిలో ఒక కవర్ల కట్ట, కళ్లలో ఒక సంతోషం ఉన్నాయి. ఆవిడ ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత నిండైన నేరస్థలం చూడలేదట.

ముందుగా ఫొటోగ్రాఫర్ పని మొదలుపెట్టాడు. శాఖ నియమావళిలో పదిహేడో నియమం ప్రకారం నేరస్థలంలో కంటికి కనిపించే ప్రతి వస్తువుకూ నంబరు ఇచ్చి ఫొటో తీయాలి. సెలూన్‌లో ఉన్నవి రెండు కుర్చీలే. ఎదురెదురు అద్దాల్లో మాత్రం కుర్చీ వెనక కుర్చీ, దాని వెనక ఇంకో కుర్చీ, అలా చూపు ఆనినంత దూరం ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ నిజాయతీపరుడు. సాయంత్రానికి మూడువందల నలభై ఆరో కుర్చీ దాకా వెళ్లాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ప్రతి అద్దంలోనూ టేపు దాటి లోపలికి చొరబడిన ఒక వ్యక్తి కెమెరా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లందరి వాంగ్మూలాలూ తీసుకోమని సీలు సార్ ఆదేశించాడు. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు.

ఈలోగా వేలిముద్రలు తీసే పొడి అయిపోయింది. బాబాయ్ పౌడరే చల్లారు. ముద్రలు దొరకలేదని, సువాసన దొరికిందని నివేదికలో రాశారు.

అసలు సంబరం గోనెసంచి దగ్గర జరిగింది. బాబాయ్ ఆ సంచిని నెలకొకసారి పారబోస్తాడు. కాబట్టి అందులో నెల రోజుల ఊరు ఉంది. లేబుళ్ల మేడమ్ ఒక తెల్ల బట్ట పరిచి, చిన్న పట్టకారుతో ఒక్కో వెంట్రుకనూ తీసి, ఒక్కో కవర్లో పెట్టి, ఒక్కో నంబరు వేసింది. తొమ్మిది రోజులు పట్టింది. మొత్తం పదకొండు వేల రెండువందల ఆరు. (పన్నెండు వేలు అవుతాయని ఆశపడ్డారు. కానీ చివరి రోజు ఎవరో తుమ్మారు.)

ప్రతి కవరుకూ ఒక చేతులు మారిన పట్టిక ఉంటుంది. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో అందులో రాసి సంతకం పెట్టాలి. పట్టిక కూడా చేతులు మారుతుంది కాబట్టి దానికీ ఒక పట్టిక ఉంటుంది. మూడో పట్టికను మాత్రం ఎవరూ ముట్టుకోకుండా బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని దూరం నుంచి చదువుతారు. లేకపోతే దీనికి అంతు ఉండదని శాఖ ముందే ఆలోచించింది.

"ఈ వెంట్రుకలు ఎవరెవరివో తేల్చాలంటే ఏడాది పడుతుంది," అంది మేడమ్.

బాబాయ్ అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ పనితనం ఉన్నవాడి నోరు ఊరుకోదు. కవరు పైకెత్తి వెలుతురులో చూసి, "ఇది పోస్ట్‌మాస్టర్‌దమ్మా. ఎడమ చెవి వెనకది," అన్నాడు. ఇంకోటి చూసి, "ఇది బ్యాంకు క్యాషియర్‌ది. రంగు వేసుకుంటాడు, ఎవరికీ చెప్పకండి," అన్నాడు. మేడమ్ రాసుకుంది. ఎవరికీ చెప్పవద్దన్నాడని కూడా రాసుకుంది. మూడు రోజుల్లో రెండువందల పద్నాలుగు మంది పేర్లు తేలాయి. బాబాయ్ చాలా పొంగిపోయాడు. దొంగ ఇక దొరికినట్టేనని ఇంటికి వెళ్లి పిన్నితో చెప్పాడు.

మర్నాడు సెలూన్ తలుపు మీద ఒక నోటీసు వెలిసింది. జాబితాలో ఉన్న రెండువందల పద్నాలుగు మందీ విచారణలో భాగం. వాళ్ల తలలు కేసు ఆస్తి. పోలిక కోసం నమూనాలు తీసేవరకూ ఎవరూ జుట్టు కత్తిరించుకోరాదు, రంగు వేయరాదు, అకారణంగా దువ్వరాదు. ఇక సెలూన్ సంగతి సరేసరి, అది సీలులో ఉంటుంది.

నెల తిరిగేసరికి ఊరి ముఖం మారిపోయింది. పోస్ట్‌మాస్టర్ జుట్టు కళ్ల మీద పడి ఉత్తరాలన్నీ పక్కింటికి వెళ్లాయి. బ్యాంకు క్యాషియర్ తల సగం నల్లగా, సగం తెల్లగా తయారైంది. ఆయన భార్య ఆయన్ను కొత్తగా చూడడం మొదలుపెట్టింది. బడిలో లెక్కల మాస్టారిని వెనక నుంచి చూసి ఒకాయన "అమ్మా, కాస్త జరగండి" అన్నాడు. మాస్టారు జరిగాడు. ఎవరితో వాదిస్తాం అని ఊరుకున్నాడు.

సీలు సార్ అందరికంటే ఇబ్బందిలో పడ్డాడు. కవరు నంబరు నాలుగువేల ఎనభై రెండు ఆయనది. ధర్మం తప్పని మనిషి కాబట్టి తనకు తానే నోటీసు పంపుకున్నాడు, సంతకం పెట్టి అందుకున్నాడు, చెప్పిన సమయానికి వచ్చి తన గది బయట బల్ల మీద కూర్చున్నాడు. అర్ధగంట కూర్చోబెట్టి లోపలికి పిలుచుకున్నాడు. విచారణలో తాను మర్యాదగానే ప్రవర్తించినట్టు, అయితే కొన్ని ప్రశ్నలకు తడబడినట్టు నమోదు చేశాడు.

బాబాయ్ మాత్రం రోజూ పొద్దున్నే అలవాటుగా వెళ్లి, సెలూన్ మెట్టు మీద కూర్చుని, సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. ఏ పనీ లేని ఆ చెయ్యి గాలిలో కత్తెర ఆడించడం పిన్ని చూసింది. అన్నం తింటూ తింటూ కూడా ఆ బొటనవేలు కదిలేది.

"కత్తెర పోయిందని వెళ్లి షాపు పోగొట్టుకొచ్చారు," అంది పిన్ని. "ఇంకోసారి వెళ్లకండి. ఇల్లు కూడా అడుగుతారు."

"నాకు షాపు లేకపోయినా ఫరవాలేదే. కత్తెర దొరికితే చాలు. ఏదో ఒక చెట్టు కింద కుర్చీ వేసుకునైనా బతుకుతాను."

"చెట్టు కింద అనకండి. ఎవరైనా వింటే దానికీ టేపు కడతారు."

అయినా బాబాయ్ ప్రతి సోమవారం స్టేషన్‌కు వెళ్లేవాడు. సీలు సార్ ఆయన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టి, కేసు అద్భుతంగా నడుస్తోందని చెప్పేవాడు. ఒక్క సమస్య మాత్రం మిగిలింది. రెండువందల పద్నాలుగు మంది తలల నుంచి నమూనాలు కత్తిరించాలి. పదకొండో నియమం ప్రకారం ఆ కత్తిరించే మనిషికి కేసుతో ఏ సంబంధమూ ఉండకూడదు. ఊళ్లో అందరి వెంట్రుకలూ కేసులో ఉన్నాయి. పైగా శాఖ దగ్గర కత్తెర లేదు. కొనడానికి అనుమతి అడిగితే, కత్తెర దొంగతనం విచారణలో ఉండగా కత్తెర కొనడం విచారణను ప్రభావితం చేస్తుందని పైనుంచి జవాబు వచ్చింది.

అలాంటి ఒక సోమవారం, బాబాయ్ బల్ల మీద కూర్చుని ఉండగానే, ఒక మనిషి స్టేషన్‌లోకి వచ్చాడు. తల మీద వెంట్రుక లేదు. కనుబొమలు లేవు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయాయట, మళ్లీ రాలేదట. చేతిలో తువ్వాలు చుట్టిన పొట్లం ఉంది. దాన్ని సీలు సార్ బల్ల మీద పెట్టి విప్పాడు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆయన బొటనవేలు ఆయన కంటే ముందే గుర్తుపట్టింది.

"సార్, ఈ కత్తెర దొంగిలించింది నేనే," అన్నాడు బట్టతల మనిషి. "ఆ రోజు కిటికీలోంచి దూరాను. లోపల తీసుకెళ్లేటంత విలువైంది ఇంకేం కనిపించలేదు. అమ్ముదామంటే ఊళ్లో ఎవరూ జుట్టు కత్తిరించుకోవడం లేదు. రోజూ ఆ పెద్దాయన మెట్టు మీద కూర్చోవడం చూస్తున్నాను. అన్నం సయించడం లేదు సార్. నన్ను లోపల వేయండి."

సీలు సార్ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ జాబితా మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, బట్టతల మనిషి తల ఒకసారి చూసి, మళ్లీ తిరగేసింది.

"లేదండి. ఈయనది ఒక్క వెంట్రుక కూడా దొరకలేదు."

"వెంట్రుక లేదంటే మీరు అక్కడ లేరు," అన్నాడు సీలు సార్.

"ఉన్నాను సార్. కిటికీ గడియ ఊడదీశాను."

"గడియ మీద సువాసన తప్ప ఏమీ దొరకలేదు. చూడండి, మీలాంటివాళ్లు రోజుకు ఒకరు వస్తారు. పేరు కోసం వస్తారు. పదకొండు వేల సాక్ష్యాలు ఒక మాట చెబుతుంటే మీ ఒక్కరి మాట ఎలా నమ్మమంటారు?"

"నిజంగా నేనే సార్," అన్నాడు అతను, దాదాపు ఏడుస్తూ.

సీలు సార్ అప్పటికే వేరే ఆలోచనలో ఉన్నాడు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది. "మేడమ్, ఊరు మొత్తం మీద కేసుతో సంబంధం లేదని శాస్త్రీయంగా తేలిన మనిషి ఈయన ఒక్కరే కదూ?"

"అవునండి. పైగా సొంత కత్తెర ఉంది," అంది మేడమ్.

అయిదు నిమిషాల్లో కాగితాలు తయారయ్యాయి. బట్టతల మనిషి తాత్కాలిక ప్రాతిపదికన నమూనా సేకరణాధికారి అయ్యాడు. అతని చేతిలో నేరంతో సంబంధం లేదనే ధ్రువపత్రం పెట్టారు. దాన్ని అతను తలకిందులుగా పట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు.

బాబాయ్ ఇక ఆగలేకపోయాడు. "సార్, అది నా కత్తెర. నాన్నగారి కత్తెర. కళ్లెదుటే ఉంది కదా సార్, ఇచ్చేయండి. ఈయన మీద నాకు కోపం కూడా లేదు."

సీలు సార్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మంచి మనిషి, నిజంగానే మంచి మనిషి. "బాబాయ్, తొందరపడకండి. ఇది మీ కత్తెర అని మీరు రాసిస్తే, అది దొరికిన సొత్తు అవుతుంది. దొరికిన సొత్తు సాక్ష్యం. సాక్ష్యానికి సీలు వేయాలి. సీలు వేస్తే నమూనాలు తీయడానికి కత్తెర ఉండదు. నమూనాలు లేకపోతే కేసు తేలదు. కేసు తేలకపోతే సీలు విప్పకూడదు. ఆలోచించుకోండి. ఒకసారి లోపలికి రండి, మీ కత్తెర ఎంత భద్రంగా ఉంటుందో చూపిస్తాను."

సాక్ష్యాల గది పొడుగ్గా, చల్లగా ఉంది. అరల నిండా చిన్నాపెద్దా ప్లాస్టిక్ కవర్లు, కవర్ల మీద ఎర్రటి లక్క. సీలు సార్ ఒక్కో దాని ముందు ఆగి పరిచయం చేశాడు. "ఇది పన్నెండేళ్ల కిందటి గొడుగు. ఒక్క వానలోనూ తడవలేదు. ఇది ఒక పాపది, చక్రాల బండి. ఆ పాపకు మొన్న పెళ్లయింది, శుభలేఖ పంపింది. ఇది కుట్టుమిషను. దీని యజమానురాలు ప్రతి ఏడాదీ వచ్చి కవరు మీద చెయ్యి పెట్టి వెళ్తుంది. లోపలికి గాలి కూడా పోదు, చూడండి."

బాబాయ్ చూశాడు. కవరు లోపల కుట్టుమిషను చక్రం తుప్పు పట్టి, కవరంతా గోధుమ రంగు పొడి రాలి ఉంది. తన కత్తెరకు రోజూ పొద్దున్నే ఒక్క చుక్క నూనె వేసేవాడు. ఇక్కడ నూనె ఎవరు వేస్తారు? ఏ నియమం కింద వేస్తారు? కన్న కొడుకును ఇలాంటి గదిలో వదిలి వెళ్లమన్నట్టు ఆయనకు అనిపించింది.

బయటికి వచ్చాక మేడమ్ కాగితం ముందు పెట్టింది. "ఈ కత్తెర మీదేనా బాబాయ్? అవును, కాదు. ఏదో ఒకటి రాయండి."

బాబాయ్ కత్తెర వైపు చూస్తూ కలం అందుకున్నాడు.

"కాదమ్మా," అన్నాడు. "నాదనుకున్నాను. కాదు."

వారంలో సెలూన్ తెరుచుకుంది. ఊళ్లో జుట్టు కత్తిరించడానికి వీలైన కుర్చీ మరెక్కడా లేదు కాబట్టి నమూనాలను నేరస్థలంలోనే తీయాలని నిర్ణయించారు. రెండువందల పద్నాలుగు మంది టోకెన్లు పట్టుకుని వీధి చివరిదాకా నిలబడ్డారు. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు, ముందు నుంచి చూసినా పెద్దగా తెలియదు. ఊడుస్తూ రాల్చుకున్న తన వెంట్రుక కూడా సంచిలో తేలింది కాబట్టి, బాబాయ్‌ది రెండువందల పద్నాలుగో టోకెను. మూడో రోజు సాయంత్రం తన సెలూన్‌లో, తన కుర్చీలో, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి కూర్చున్నాడు. అద్దంలో వెనక నిలబడిన బట్టతల మనిషి కత్తెరను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

చెవి పక్కన కత్తెర శబ్దం వినపడగానే బాబాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు వేట్లు పడ్డాక ఆయన కళ్లు తుడుచుకుని, "వేలు అంత లోపలికి పెట్టకు నాయనా. కన్నం అంచుకు ఆనించు. అదే నడుస్తుంది, నువ్వు దాని వెంట వెళ్లు," అన్నాడు.

"ఇలాగా బాబాయ్?"

"ఆఁ. పొద్దున్నే ఒక్క చుక్క నూనె వెయ్యి. మర్చిపోకు."

"మర్చిపోను." గొంతు తగ్గించి, "మీరు అవును అని రాయాల్సింది బాబాయ్. నేను లోపలికి పోయేవాణ్ని, హాయిగా నిద్రపట్టేది," అన్నాడు.

"నువ్వు పోయేవాడివి కాదు, అదొక్కటే పోయేది," అన్నాడు బాబాయ్.

జుట్టు కత్తిరించడం పూర్తయ్యాక, బట్టతల మనిషి తువ్వాలుతో మెడ దులిపి, బిడియంగా ఒక ఫారం అందించాడు. నమూనా సేకరణాధికారి పనితీరు ఎలా ఉందో తెలపాలి. రెండు గళ్లు ఉన్నాయి. ఒకటి "బాగుంది", ఇంకోటి "చాలా బాగుంది".

"మీ ఇష్టం బాబాయ్. కానీ అందరూ రెండోది పెడితే నన్ను పర్మనెంట్ చేస్తారట. ఈ షాపు, ఈ కుర్చీ నాకు అప్పగిస్తారట. మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. పట్టుకోవచ్చు కూడా, ఎవరూ లేనప్పుడు."

బాబాయ్ అద్దంలో తన తల చూసుకున్నాడు. ఎడమవైపు ఎలుకలు కొరికినట్టు ఉంది. ఆయన కలం తీసుకుని "చాలా బాగుంది" అన్న గడిలో టిక్కు పెట్టాడు.

పర్మనెంట్ ఉత్తర్వులు నెలలోనే వచ్చాయి. పర్మనెంట్ ఉద్యోగి పనిముట్లు శాఖ ఆస్తి కాబట్టి, సీలు సార్ స్వయంగా వచ్చి, ఇద్దరు సాక్షుల సమక్షంలో కత్తెర మీద శాఖ ముద్ర కొట్టించాడు. సాక్షుల్లో ఒకరు బాబాయ్. ఇక దాన్ని ఎవరైనా ముట్టుకుంటే శాఖ చూస్తూ ఊరుకోదని సీలు సార్ ఆయనకు గట్టిగా హామీ ఇచ్చాడు.